సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్: పొద్దున్నే వెళ్లినవాళ్లకే అసలు పండగ

జనవరి దగ్గరపడుతోందంటే చాలు, సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్‌కి వెళ్లొచ్చా, పిల్లలతో వెళ్తే ఇబ్బందా అని మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. వెళ్లమనే చెప్తాను. కాకపోతే ఎలా వెళ్లాలో కూడా చెప్తాను, ఎందుకంటే ఒకే రోజు అదే పండగకి వెళ్లిన రెండు కుటుంబాల్లో ఒకరు జన్మలో మర్చిపోలేనిది చూసి వస్తారు, ఇంకొకరు ట్రాఫిక్కు, స్పీకర్ల హోరు, దూరంగా ఏవో తెల్లటి చుక్కలు చూసి "ఇంతేనా" అనుకుంటూ ఇంటికొస్తారు. మీరు ఏ టైముకి ఎక్కడ ఉన్నారన్నదాంట్లోనే ఉంది తేడా అంతా.

తెలియనివాళ్ల కోసం కొంచెం. ఇది 2001లో మొదలైన పక్షుల పండగ. అప్పట్లో సూళ్లూరుపేట నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022లో జిల్లాలు విడదీశాక తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 2020 తర్వాత కొన్నేళ్లు పండగ జరగలేదు, మళ్లీ 2025 జనవరి 18, 19, 20 తేదీల్లో జరిపారు. మామూలుగా సంక్రాంతికి అటూ ఇటూగా ఉంటుంది కానీ ఏటా ఒకే తేదీలుండవు, జిల్లా అధికారులు ప్రకటించాకే సెలవు పెట్టుకోండి, టికెట్లు చేసుకోండి. ఇంకో సంగతి, ఇది ఒక్కచోట జరిగే పండగ కాదు. చాలామంది అక్కడే తడబడతారు. సభలు, స్టాళ్లు, ఆటల పోటీలు, రాత్రి పాటలు సూళ్లూరుపేట ఊళ్లో. గూడబాతుల్ని చూడాలంటే ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్లు వెళ్లి నేలపట్టు. ఫ్లెమింగోల కోసమైతే తూర్పుగా, పులికాట్ సరస్సు మధ్యలోంచి శ్రీహరికోటకి వెళ్లే రోడ్డు మీద అటకానితిప్ప. పడవ ఎక్కాలంటే దక్షిణంగా తడ మండలంలో భీములవారిపాళెం. ఈ నాలుగూ ఒక్కరోజులో చుట్టేద్దామనుకుంటే రోజంతా బండిలోనే గడిచిపోతుంది. రెండు రోజులు పెట్టుకోండి, కుదరకపోతే నేలపట్టు, అటకానితిప్ప చాలు.

నేలపట్టు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. హైవే దిగి లోపలికి పోతే చిన్న ఊరు, ఊరి పక్కన చెరువు, చెరువు నీళ్లలోనే నిలబడి ఉన్న కడప చెట్లు. ఆ చెట్ల నిండా గూళ్లు. ఇక్కడ గూడు పెట్టేది ముఖ్యంగా గూడబాతు, ఇంగ్లీషులో పెలికాన్ అంటారు కదా, అదే. రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది, నాలుగైదు కిలోల బరువుంటుంది, అంత పక్షి ఆ సన్నటి కొమ్మ మీద వాలేటప్పుడు కొమ్మ కిందకి వంగి మళ్లీ పైకి లేచి కుదురుకునే దాకా మనం ఊపిరి బిగపట్టి చూస్తాం. అక్టోబరు, నవంబరుల్లో వానలు పడి చెరువు నిండగానే వచ్చి గూళ్లు మొదలుపెడతాయి కాబట్టి జనవరి నాటికి పిల్లలు బాగా ఎదిగి ఉంటాయి. పెద్దవి పెద్దగా అరవవు, గోలంతా పిల్లలదే. తల్లి చేపలు తెచ్చి నోరు తెరిస్తే పిల్ల మెడ దాకా తలని ఆ సంచిలోకి దూర్చేస్తుంది. మా చెల్లెలి కొడుకు అది చూసి బెదిరిపోయాడు, "పెద్దమ్మా, అమ్మని తినేస్తోంది!" అని, తర్వాత ఆ కట్ట మీంచి వాణ్ని కదిలించడం ఎవరి వల్లా కాలేదు.

ఆ చేపలన్నీ ఈ చెరువులోవి కావు. తల్లిదండ్రులు పులికాట్ దాకా ఎగిరిపోయి వేటాడి తెస్తాయి. పొద్దున్నే వెళ్లాలని నేను పట్టుబట్టేది అందుకే. సూర్యుడు పైకి లేచి గాలి వేడెక్కే వేళకి అవి గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి, రెక్క ఆడించకుండా, ఒకదాని వెనక ఒకటి. ఆరున్నరకల్లా అక్కడుంటే చెట్ల మీద ఉండటం, ఒళ్లు విదుల్చుకోవడం, ఎగరడం అన్నీ చూడొచ్చు. పదింటికి వెళ్తే మిగిలేది ఎండ, కట్ట మీద తోసుకునే జనం, స్కూలు బస్సుల వరస. చెరువులో గూడబాతులే కాదు, నత్తగుల్ల కొంగలుంటాయి, నీటికాకులు, తెల్ల కంకణాలు, తెడ్డుమూతి కొంగలు కనిపిస్తాయి. తెడ్డుమూతి కొంగ ముక్కుని నీళ్లలో అటూ ఇటూ ఊపుకుంటూ నడవడం ఒక్కసారి చూస్తే పిల్లలు ఆ పేరు ఇక మర్చిపోరు.

ఇంకో విషయం, ఇది చాలామంది విజిటర్లకి తెలియదు. ఈ పక్షుల్ని ఇన్ని తరాలుగా కాపాడింది మొదట ఊరివాళ్లు. నేలపట్టుని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది 1976లో, అంతకుముందు నుంచీ ఊళ్లో వాళ్లు వాటిని వేటాడనిచ్చేవాళ్లు కాదు. పక్షులు వచ్చిన ఏడు పంట బాగుంటుందని నమ్మకం. నమ్మకం వెనక లెక్క కూడా ఉంది: చెరువు నిండా నీళ్లుంటేనే అవి వస్తాయి, వాటి రెట్టలు కలిసిన ఆ నీళ్లే పొలాలకి పారతాయి, ఎరువు ఖర్చు తగ్గుతుంది. వరి కోతల కాలంలో ఆ చెరువు కింద పొలాలు చూస్తే ఇంకేమీ వివరించక్కర్లేదు. ఇంత మంచి కథ ఉన్నప్పుడు కట్ట మీద నిలబడి ఊరి పెద్దమనిషి ఒకాయన పిల్లలకి రోజూ పావుగంట ఈ సంగతి చెప్పే ఏర్పాటుంటే ఎంత బాగుంటుందో! పండగ పెట్టేవాళ్లకి నా మొదటి విన్నపం అదే.

ఇక ఫ్లెమింగోలు. పండగ పేరు వాటిదే, చూసినవాళ్లు ఎక్కువ నిరాశపడేదీ వాటి దగ్గరే, తప్పు వాటిది కాదు. పోస్టర్లలో గులాబీ రంగులో వెలిగిపోతుంటాయి. నిలబడి ఉన్నప్పుడు దూరం నుంచి చూస్తే అవి ఇంచుమించు తెల్లగానే ఉంటాయి, అంచున కొంచెం గులాబీ ఛాయ. రంగంతా రెక్క మడతలో దాగి ఉంటుంది. గుంపు ఒక్కసారి లేచిందంటే ఆ ఎరుపు, దాని పక్కన నలుపు, అన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి, ఆ పది సెకన్ల కోసం గంట నిలబడినా నాకు చింత లేదు. పిల్ల ఫ్లెమింగోలు బూడిద రంగులో ఉంటాయి, ఇవేవో వేరే కొంగలనుకుని వదిలేయకండి. ఆ గులాబీ రంగు తిండి వల్ల వచ్చేది, నీళ్లలోని నాచు, చిన్న చిన్న రొయ్యజాతి పురుగుల్లో ఉండే రంగు పదార్థం ఈకల్లోకి చేరుతుంది. కాళ్లతో బురద తొక్కి, తల తలకిందులుగా నీళ్లలో ముంచి, ముక్కుతోనే నీళ్లు వడగట్టుకుని తింటాయి. మన పక్క రాజహంస అనడం అలవాటు, సముద్రపు రామచిలక అన్న పేరు కూడా వింటుంటాను. వంగిన ఆ ముక్కు చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరికైనా తెలిసిపోతుంది.

అవి ఎక్కడ దొరుకుతాయన్నది ఆ ఏడాది నీటిమట్టం మీద ఆధారపడుతుంది. ఫ్లెమింగోకి కావలసింది లోతు తక్కువ నీళ్లు. వానలు గట్టిగా పడిన సంవత్సరం జనవరిలో రోడ్డు పక్కన నీళ్లు లోతుగా ఉంటే గుంపులు దూరంగా మెరక వైపు జరిగిపోతాయి, రోడ్డు మీంచి గీత గీసినట్టు కనిపిస్తాయి అంతే. నీళ్లు తీసే కొద్దీ దగ్గరికొస్తాయి. కాబట్టి పండగ రోజుల్లో అవి దగ్గరగా ఉంటే అదృష్టం, లేకపోతే బైనాక్యులర్స్ ఒక్కటే దిక్కు. దయచేసి ఒకటి వెంట తీసుకెళ్లండి, కొనలేకపోతే అడిగి తెచ్చుకోండి. 8x42 అని రాసి ఉండే మామూలు రకం చాలు. పండగ రోజుల్లో టెలిస్కోపులు పెడతారు కానీ వాటి దగ్గర క్యూ ఉంటుంది, క్యూలో వెనక వాళ్లు తొందరపెడుతుంటే పిల్లవాడు కన్ను ఎక్కడ పెట్టాలో తెలుసుకునే లోపే వాడి టర్న్ అయిపోతుంది. ఫోన్‌తో జూమ్ చేసి ఫొటో తీద్దామనుకునేవాళ్లకి మసక మసక తప్ప ఏమీ మిగలదు, ఆ టైము చూడటానికి వాడుకోండి.

ఆ శ్రీహరికోట రోడ్డు మీద ప్రయాణమే ఒక అనుభవం. రెండు పక్కలా నీళ్లు, మధ్యలో తారు రోడ్డు, ఆ చివర రాకెట్ కేంద్రం. పాసు లేకుండా గేటు దాటనివ్వరు, అక్కడి దాకా పోయి వాదించి లాభం లేదు, అటకానితిప్ప దగ్గర ఆగండి. తూర్పుకి పోతుంటే పొద్దున ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, అందుకే నేలపట్టు పొద్దున, ఈ రోడ్డు సాయంత్రం నాలుగు తర్వాత అని నేను పెట్టుకున్న పద్ధతి. సాయంత్రం వెలుగు వీపు వైపు నుంచి పడితే పక్షుల రంగు తేటగా తెలుస్తుంది. కారు నడిరోడ్డు మీద ఆపి తలుపులు తెరుచుకుని దిగేవాళ్లు ఉంటారు, అది అంతరిక్ష కేంద్రం ఉద్యోగులు తిరిగే రోడ్డు, పూర్తిగా పక్కకి తీసి ఆపండి. హారన్ కొట్టి పక్షుల్ని లేపి వీడియో తీసే పని అయితే ఎవరు చేసినా నాకు ఒళ్లు మండుతుంది. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పక్షులు కూడా ఉంటాయి అక్కడ, ఆ తిండి, ఆ విశ్రాంతి వాటికి ప్రాణం.

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రలో, కొంచెం తమిళనాడులో. స్వర్ణముఖి, కాళంగి లాంటి ఏళ్లు మంచినీళ్లు తెస్తాయి, సముద్రం ముఖద్వారాల గుండా ఉప్పునీళ్లు తెస్తుంది, ఆ రెండూ కలిస్తేనే రొయ్యలు, ఎండ్రకాయలు, చేపలు. ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే సరస్సు ఎండి ఉప్పుదిబ్బ అవుతుంది, జాలర్ల బతుకు పోతుంది, పక్షుల తిండీ పోతుంది. సరస్సు వేసవిలో పగుళ్లిచ్చిన నేలగా మారడం చూసినవాళ్లకి ఈ మాట బరువు తెలుసు. పండగలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం ఇదే, పూడిక తీయాలన్న మాట జనం నోట్లో నానాలంటే ఇలాంటి రోజులు కావాలి.

భీములవారిపాళెం పడవ షికారు సరదాగా ఉంటుంది, పిల్లలకి నచ్చుతుంది. లైఫ్ జాకెట్ ఇస్తేనే ఎక్కండి, ఇవ్వకపోతే అడగండి, మొహమాటపడొద్దు. పక్షుల కోసమే అయితే పడవ తప్పనిసరి కాదు. మేము ఎక్కినప్పుడు పడవ నడిపే పెద్దాయన సగం తెలుగు, సగం అరవం కలిపి మాట్లాడుతూ ఏ గాలికి ఏ చేప కదులుతుందో చెప్పుకుంటూ పోయాడు. "ఈ నీళ్లు మాకు అమ్మ లెక్కన్నా" అన్నాడు మా ఆయనతో. ఇలాంటివాళ్లని, శ్రీహరికోట దీవిలో తరతరాలుగా బతికి రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు బయటికి రావాల్సొచ్చిన యానాదుల్ని పిలిచి స్టేజీ మీద కూర్చోబెట్టి మాట్లాడిస్తే నేను ముందు వరసలో కూర్చుంటా.

స్టేజీ అన్నాను కాబట్టి ఆ సంగతి. సూళ్లూరుపేటలో రోజంతా ఏదో ఒకటి ఉంటుంది: ప్రభుత్వ శాఖల స్టాళ్లు, స్వయం సహాయక సంఘాల అక్కచెల్లెళ్ల పచ్చళ్లు, చేతిపనులు, కబడ్డీ, వాలీబాల్, బడిపిల్లల డాన్సులు, రాత్రి సినిమా పాటలు. సినిమా పాటల కోసం జనం విరగబడి వస్తారు, అందులో తప్పేం లేదు, చుట్టుపక్కల పల్లెల వాళ్లకి అదొక పెద్ద ముచ్చట. నా ఓటు మాత్రం సాయంత్రం అయిదు, ఆరు మధ్య జరిగే పిల్లల కార్యక్రమాలకి. మా పక్క పల్లెల్లో కోలాటం, చెక్కభజన ఇంకా బతికే ఉన్నాయి. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు కోలాటం వేస్తూ జడకోపు దగ్గర ఒక్క అడుగు తప్పకుండా తాళ్లు అల్లి, మళ్లీ విప్పితే, దానికి ఏ సౌండ్ సిస్టమూ అక్కర్లేదు. ఆ పిల్లల తల్లిదండ్రులు కింద నిలబడి ఫోన్లు పైకెత్తి చూస్తుంటారు చూడండి, అది కూడా పండగే. ఇలాంటివాటికి ఇంకొంచెం ఎక్కువ టైము, ఇంకొంచెం మంచి టైము ఇవ్వాలి.

ఇంకా మంచిదేమిటంటే బడిపిల్లల్ని బస్సుల్లో పక్షుల దగ్గరికి తీసుకెళ్లడం. ఇంటి పక్కనే ఇంత ఉన్నా చూడని పిల్లలు ఎందరో. ఎవరో ఒక టీచరు "ఒరే, అరవకండిరా, గూట్లో పిల్లలున్నాయి" అని గుసగుసగా చెప్తుంటే నలభై మంది ఒక్కసారిగా నోటి మీద వేలేసుకోవడం చూశాను. ఈ పండగ మీద ఖర్చు ఎందుకు అనేవాళ్లకి నా సమాధానం ఆ పిల్లలే.

వెళ్లడం సులువే. చెన్నైకి సుమారు 80 కిలోమీటర్లు, సబర్బన్ లోకల్ సూళ్లూరుపేట దాకా వస్తుంది, చెన్నైలో ఉండే తెలుగువాళ్లు పొద్దున మొదటి ట్రైను పట్టుకుంటే ఊళ్లో స్టాళ్లు, సాయంత్రం సరస్సు రోడ్డు చూసి రాత్రికి ఇంటికి పోవచ్చు, కానీ నేలపట్టు పొద్దుటి పూట దొరకదు. దానికి ముందు రోజు రాత్రే రావాలి. విజయవాడ, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు గూడూరులోనో నెల్లూరులోనో దిగి రావడం మేలు. బస విషయంలో జాగ్రత్త. పండగ రోజుల్లో రూములు దొరకవు, ఒకసారి ఒక లాడ్జిలో ఫోన్‌లో ఒప్పుకున్న రేటు ఒకటి, దిగాక అడిగింది ఇంకొకటి, రాత్రి పదింటికి చిన్నపిల్లలతో ఎక్కడికి పోతాం, కట్టేశాం. డబ్బు ముందే కట్టి రసీదు తీసుకోండి, లేదా గూడూరులో, నాయుడుపేటలో రూము చూసుకోండి, నాయుడుపేట నుంచి నేలపట్టు ఇంకా దగ్గర. ప్యాకేజీ వ్యాన్లు కూడా ఉంటాయి. మా బంధువులు ఎక్కిన దాంట్లో అన్నీ చూపిస్తామని చెప్పి నేలపట్టులో ఇరవై నిమిషాలు ఆపి హారన్ కొట్టి పిలిచారట. నేను చెప్పేది, సొంత బండి లేకపోతే నలుగురు కలిసి ఒక ఆటో రోజంతా మాట్లాడుకోండి, డ్రైవరుకి ముందే చెప్పండి నేలపట్టులో రెండు గంటలు ఉంటామని.

తిండికి లోటు లేదు. నెల్లూరు పక్క భోజనం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, చేపల పులుసు ఎక్కడ తిన్నా ఒక మాదిరిగా అయినా ఉంటుంది. పులికాట్ రొయ్యలు, ఎండ్రకాయలు దొరికితే వదలొద్దు. ఖాళీ ఉంటే కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి వెళ్లి రండి. ఆ గుడికి తలుపులుండవు, రాత్రీ పగలూ అమ్మవారి దర్శనం ఉంటుంది, రాకెట్ ప్రయోగాలకి ముందు శాస్త్రవేత్తలు వచ్చి దణ్ణం పెట్టుకునేది ఇక్కడే.

పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి: కట్ట మీద కొంత నడవాలి, వాచ్ టవర్ మెట్లు ఎక్కలేకపోయినా కింద నుంచే గూళ్లు బాగా కనిపిస్తాయి, మడత కుర్చీ ఒకటి పట్టుకెళ్తే మా అమ్మలాంటివాళ్లు హాయిగా కూర్చుని చూస్తారు. పొద్దున మంచు ఉంటుంది, తలకి మఫ్లర్ కట్టండి. ఎరుపు, పసుపు లాంటి కొట్టొచ్చే రంగులు కాకుండా మట్టి రంగు బట్టలు వేసుకోండి.

జనం అంటే పడనివాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, కేవలం ఫ్లెమింగోల కోసమే వచ్చేవాళ్లు పండగ రోజుల్లో రావద్దని నా సలహా. ఫిబ్రవరిలో ఒక మామూలు బుధవారమో గురువారమో పెట్టుకోండి. నీళ్లు తీసి ఉంటాయి, గుంపులు రోడ్డుకి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ, నేలపట్టులో పిల్లలు రెక్కలు విప్పి ఎగరడం నేర్చుకుంటూ ఉంటాయి. కాకపోతే అప్పుడు బస్సులు, టెలిస్కోపులు, తిండి కొట్లు ఏవీ ఉండవు, మంచినీళ్లు, టిఫిను ఇంటి నుంచే కట్టుకుని రండి, ఖాళీ కవర్లు మళ్లీ మీతోనే తీసుకుపోండి.